మచ్చల ఆకుల స్లిప్పర్ ఆర్కిడ్‌ని మన ఎండల్లో పెంచడం ఎలా

స్లిప్పర్ ఆర్కిడ్ హైదరాబాద్ ఎండలకి బతకదని నాకు చాలామంది చెప్పారు. బతుకుతుంది. ఆరేళ్ళుగా మా ఫ్లాట్ తూర్పు బాల్కనీలో నాలుగు కుండీలు పెరుగుతున్నాయి, వాటిలో ఒకటి ఈ జనవరిలో రెండు పూలు పూసింది, ఒక్కో పువ్వు యాభై రోజుల దాకా వాడలేదు. కాకపోతే రకం సరిగ్గా ఎంచుకోవాలి, నీళ్ళు పోసే అలవాటు మార్చుకోవాలి, ఏప్రిల్ మే నెలల్లో చంటిపిల్లని చూసుకున్నట్టు చూసుకోవాలి. ఈ మూడూ తెలియక మొదట్లో నేను రెండు మొక్కలు పోగొట్టుకున్నాను, మీకు అలా జరగకూడదని వివరంగా రాస్తున్నాను.

దీని అసలు పేరు పాఫియోపెడిలం, పెంచేవాళ్ళంతా పాఫ్ అంటారు. పువ్వు కింది రేక చెప్పు ముందు భాగంలా, చిన్న సంచిలా ఉంటుంది. అది చూసి ఇంటికొచ్చిన పిల్లలందరూ అడిగే మొదటి ప్రశ్న, ఇది పురుగుల్ని తింటుందా అని. తినదు. పురుగు సంచిలో జారి పడుతుంది, లోపలి గోడ నున్నగా ఉంటుంది కాబట్టి వచ్చిన దారిన పైకి ఎక్కలేదు, వెనకవైపు సన్నటి నూగు పట్టుకుని పాకుతూ ఇరుకు సందులోంచి బయటపడుతుంది, ఆ సందులోనే పుప్పొడి దాని వీపుకి అంటుకుంటుంది. అంతే, పురుగు క్షేమంగా వెళ్ళిపోతుంది.

పెంచేవాళ్ళు ముందుగా బుర్రలో పెట్టుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. డెండ్రోబియం అనే ఇంకో ఆర్కిడ్ కాడలు చెరుకు గడల్లా లావుగా ఉండి నీళ్ళు దాచుకుంటాయి, నాలుగు రోజులు మర్చిపోయినా తట్టుకుంటాయి. పాఫ్‌కి అలాంటి నిల్వ లేదు. ఒక ఆకుల గుత్తి, దాని కింద వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని వేర్లు, అంతే. అడవిలో ఎక్కువ రకాలు చెట్ల మీద కాకుండా నేల మీదే, ఎండుటాకులు కుళ్ళిన పొరలో, రాళ్ళ సందుల్లో, నీడలో పెరుగుతాయి. అందుకే పూర్తిగా ఎండబెడితే వేర్లు చస్తాయి, నీళ్ళు నిలబెడితే కుళ్ళుతాయి. ఎప్పుడూ కొద్దిగా చెమ్మ, ఎప్పుడూ కాస్త గాలి, ఈ రెండూ కలిసి ఉండాలి. కింద రాసినదంతా ఈ రెండింటి కోసమే.

ఏ మొక్క కొనాలి

ఆకులు చూసి కొనండి, పువ్వు ఫొటో చూసి కాదు. పాము పొడలాగా ముదురు ఆకుపచ్చ, లేత ఆకుపచ్చ మచ్చలు కలిసిన ఆకులున్న రకాలు వేడి ప్రాంతాలవి. మచ్చల్లేకుండా నున్నటి పచ్చ ఆకులతో, ఒక కాడకి ఒకే పెద్ద పువ్వు పూసేవి చాలావరకు చల్లటి కొండలవి, మేఘాలయ వైపు దొరికే ఇన్సిగ్నె లాంటివి. నేను రెండోసారి కొన్నది అలాంటి పచ్చ ఆకుల మొక్కే. మన చలికాలం దానికి బాగానే ఉంది, డిసెంబరు రాత్రులు పదమూడు పద్నాలుగు డిగ్రీలకి దిగుతాయి కాబట్టి హాయిగా పెరిగింది. మే నెలలో రాత్రి కూడా ఇరవై ఏడు డిగ్రీలకి తగ్గకపోయేసరికి ఆకులు ఒక్కొక్కటే పసుపెక్కి రాలిపోయాయి, రెండో వేసవి దాటలేదు.

మొదటిసారి పెంచేవాళ్ళు కళ్ళు మూసుకుని మాడియే రకం కొనుక్కోండి. థాయ్‌లాండ్ వైపు కాలోసం, బోర్నియో ద్వీపపు లారెన్సియానం, ఈ రెండింటినీ కలిపి చేసిన సంకరం ఇది, 1900 నాటిది. తల్లిదండ్రులిద్దరూ వేడి ప్రాంతం వాళ్ళు కాబట్టి మన దగ్గర నిలబడుతుంది. తెలుపు ఆకుపచ్చ చారల పువ్వు, ముదురు వైన్ రంగు పువ్వు, గులాబీ రంగు కలిసిన పువ్వు, ఇలా చాలా రూపాల్లో దొరుకుతుంది. ధర మామూలుగా దొరికే ఫలనాప్సిస్ అనే ఆర్కిడ్ కంటే ఎక్కువే ఉంటుంది, దానికి కారణం ఉంది. ఫలనాప్సిస్‌ని టిష్యూ కల్చర్‌లో లక్షల కాపీలు తీస్తారు, పాఫ్ అలా సులువుగా లొంగదు, ఎక్కువగా విత్తనం నుంచే పెంచాలి, విత్తనం నుంచి పువ్వు దాకా నాలుగైదేళ్ళు పడుతుంది. డబ్బు ఆదా అవుతుందని ఒకే పిలక ఉన్న చిన్న మొక్క తెచ్చుకోవద్దు. కనీసం రెండు పిలకలు ఉండి, ఒక దాని నుంచి కొత్త మొలక కనిపిస్తుంటే అది మంచి మొక్క. కుండీ పట్టుకుని మొక్కని మెల్లగా ఊపండి, గట్టిగా నిలబడితే వేర్లున్నట్టు, ఊగిసలాడితే లేనట్టు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. అడవి నుంచి పీకి తెచ్చిన మొక్కలు కొనకండి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ జాతిని కాపాడుతోంది, దేశాల మధ్య వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ ఒప్పందంలో కూడా పాఫ్ జాతులన్నీ అత్యంత కఠినమైన మొదటి జాబితాలో ఉన్నాయి. దక్షిణ భారతంలో సహజంగా పెరిగే స్లిప్పర్ ఆర్కిడ్ ఒకే ఒక్కటి, పసుపు పువ్వు మీద గోధుమ రంగు గీత ఉండే డ్రూరీ, అది కేరళ తమిళనాడు సరిహద్దు అగస్త్యమలై కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, ఏరుకుపోయేవాళ్ళ వల్ల అంతరించే దాకా వచ్చింది. కుండీ లేకుండా వేర్లతో కట్టకట్టి, ఆకుల మీద పురుగు కొరికిన మరకలతో, వేర్లకి అడవి నాచుతో చవగ్గా అమ్ముతుంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించుకోవచ్చు. నర్సరీ మొక్కకి కుండీ ఉంటుంది, సంకరం పేరు రాసిన లేబుల్ ఉంటుంది, అడిగితే బిల్లు ఇస్తారు.

వెలుతురు

తూర్పు కిటికీ లేదా తూర్పు బాల్కనీ అన్నిటికంటే మంచిది. ఉదయం ఎనిమిది దాకా పడే లేత ఎండ పర్వాలేదు, తర్వాత నేరుగా ఎండ తగలకూడదు, అవసరమైతే నర్సరీల్లో వాడే గ్రీన్ నెట్ కట్టండి. ఆకుకి అడుగు ఎత్తులో అరచెయ్యి పెట్టి చూడండి, నీడ అంచులు మసకమసగ్గా కనిపిస్తే వెలుతురు సరిపోయినట్టు. అంచు కత్తితో కోసినట్టు పడితే ఎక్కువ, నీడే పడకపోతే తక్కువ. ఆకులు పసుపు తిరుగుతుంటే వెనక్కి జరపండి, బాగా నల్లపచ్చగా మారి సాగి వేలాడుతుంటే ముందుకి జరపండి.

నీళ్ళు

మొదటి మొక్కకి నేను తులసికి పోసినట్టు పైనుంచి చెంబుతో పోశాను. ఐదో రోజున మధ్య ఆకు పట్టుకుంటే ఊడి చేతిలోకి వచ్చేసింది, అడుగంతా గోధుమ రంగులో మెత్తగా, కుళ్ళిన ఉల్లిపాయ వాసన. కొబ్బరికి వచ్చే మొవ్వుకుళ్ళు లాంటిదే ఇది. ఆకుల మధ్య మొవ్వులో నీళ్ళు నిలిస్తే వేడి రోజుల్లో రెండు రాత్రులు చాలు. కాబట్టి సన్నటి మూతి ఉన్న సీసాతో కుండీ అంచు వెంబడి తిరుగుతూ పోయండి, కింది రంధ్రాల్లోంచి ధారగా కారేదాకా పోయండి, తర్వాత కింద పళ్ళెంలో చేరిన నీళ్ళు పారబోయండి. పొరపాటున మొవ్వులో పడితే టిష్యూ కాగితం మొన చుట్టి పెట్టి పీల్చేయండి. ఉదయమే పోయాలి, సాయంత్రం వద్దు.

ఎన్ని రోజులకోసారి అని అడిగితే లెక్క చెప్పడం కష్టం. మా ఇంట్లో వానాకాలంలో వారానికోసారి, చలికాలంలో ఐదారు రోజులకి, వేసవిలో రెండు మూడు రోజులకి పడుతుంది, మీ ఇంట్లో వేరేగా ఉంటుంది. లెక్క కంటే పుల్ల నమ్మదగ్గది. కాలిపోయిన అగరుబత్తి పుల్ల ఒకటి కుండీలో సగం లోతు దాకా గుచ్చి, పది నిమిషాల తర్వాత తీసి చెంపకి ఆనించండి. చల్లగా తగిలితే ఇంకా చెమ్మ ఉంది, ఆగండి. పుల్ల రంగు మారకుండా పొడిగా వస్తే వెంటనే పోయండి, ఇంకో రోజు ఆగొద్దు.

ఏ నీళ్ళు అన్నది కూడా ముఖ్యమే, మన బోరు నీళ్ళలో ఉప్పులు ఎక్కువ, పాఫ్ వేర్లు వాటిని అస్సలు తట్టుకోవు. ఆకు కొసలు గోధుమ రంగులో ఎండుతూ, కుండీ అంచున తెల్లటి పొర కడుతుంటే కారణం అదే. వాన నీళ్ళు పట్టుకోగలిగితే అంతకు మించింది లేదు, మొదటి రెండు వానలు డాబా కడిగేశాక పట్టుకోండి. లేకపోతే తాగడానికి వాడే ఆర్‌ఓ నీళ్ళు. ఆర్‌ఓ మిషను బయటికి వదిలే నీళ్ళు మాత్రం పోయకండి, ఉప్పులన్నీ అందులోనే పోగవుతాయి. నీళ్ళలో కరిగిన ఉప్పుల్ని కొలిచే టీడీఎస్ మీటరు ఒకటి నేను కొనుక్కున్నాను, 150 లోపు ఉంటేనే వాడతాను.

కుండీ, మిక్స్, వేర్లు

మట్టిలో నాటకండి. ఉట్టి కోకోపీట్‌లో కూడా వద్దు, అది ముద్దైపోయి లోపల గాలి ఆడదు. నేను వాడేది పైన్ బెరడు ముక్కలు ఐదు పాళ్ళు, బొగ్గు ఒక పాలు, పెర్లైట్ అనే తేలికపాటి తెల్ల గుళికలు ఒక పాలు, పైన గుప్పెడు స్ఫాగ్నం నాచు చిన్నగా తుంచి కలుపుతాను. ముక్కల సైజు శనగ గింజ నుంచి కుంకుడు గింజ దాకా. బొగ్గు మా వీధి ఇస్త్రీ బండి ఆయన దగ్గర తీసుకుంటాను, కట్టె బొగ్గే అయ్యుండాలి, దంచి, జల్లించి, దుమ్ము పోయేదాకా కడగాలి. పైన్ బెరడు దొరక్కపోతే కొబ్బరి డొక్కని ముక్కలు కోసి వాడొచ్చు, కానీ మూడు రోజులు నానబెట్టి రోజూ నీళ్ళు మార్చాలి, కాఫీ రంగు నీళ్ళు వస్తూనే ఉంటాయి, ఆ రంగు తగ్గేదాకా మార్చండి. డొక్క ఎక్కువ నీళ్ళు పట్టి ఉంచుతుంది కాబట్టి అప్పుడు నాచు మానేయండి.

కుండీ చిన్నదే ఉండాలి. వేర్లు సరిగ్గా పట్టేంత, చాలా మొక్కలకి నాలుగు అంగుళాలు చాలు. పెద్ద కుండీలో మధ్య భాగం ఆరదు, వేరు అక్కడే కుళ్ళుతుంది. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కుండీ అయితే లోపల చెమ్మ కంటికి కనిపిస్తుంది.

మిగతా ఆర్కిడ్లకి కుండీ మార్చాలంటే భయపడతాం, పాఫ్‌కి మాత్రం అదే బలం. ప్రతి ఏడాది, లేదా ఏడాదిన్నరకి మార్చండి, ఎందుకంటే బెరడు కుళ్ళడం మొదలయ్యాక లోపల పుల్లటి వాసన వస్తుంది, వేర్లు వెనకడుగు వేస్తాయి. మన దగ్గర మంచి సమయం తొలకరి తర్వాత, జులై ఆగస్టు. మార్చి నెల దాటాక వానలు పడేదాకా ముట్టుకోవద్దు.

మార్చేరోజు మిక్స్‌ని ముందు రాత్రే నానబెట్టుకోండి. మొక్కని కుండీలోంచి తీయడానికి లాగొద్దు, కుండీ చుట్టూ నొక్కి వదులు చేసి, తలకిందులు చేసి అరచేతిలోకి తీసుకోండి. ఇప్పుడు వేర్లు దగ్గరగా చూడండి, మొదటిసారి చూసేవాళ్ళకి ఇక్కడే టెన్షన్ వస్తుంది. ఫలనాప్సిస్ వేర్లు తెల్లగా ఉంటాయి, వీటివి గోధుమ రంగులో, సన్నటి నూగుతో, వెల్వెట్ గుడ్డ చుట్టినట్టు ఉంటాయి, కొస మాత్రం పాలరంగులో ఉంటుంది. గోధుమ రంగు చూసి చచ్చిపోయాయనుకుని కత్తిరించకండి. రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కండి. గట్టిగా ఉంటే బతికి ఉన్నట్టే. నొక్కగానే తొక్క జారిపోయి లోపల దారం మిగిలితే అది పోయిన వేరు, దాన్ని మాత్రం కత్తిరించండి. కత్తెరని ముందు స్టవ్ మంట మీద కాల్చి చల్లార్చండి, ఒక మొక్క తర్వాత ఇంకో మొక్క ముట్టుకునే ముందు మళ్ళీ కాల్చండి, వైరస్ కత్తెర ద్వారా కూడా పాకుతుంది.

ఇక నాటే లోతు. కొత్త వేర్లు కొత్త పిలక మొదట్లోంచి వస్తాయి. ఆ మొదలు మిక్స్ పైకి తేలి ఉంటే వేరు బయటికొచ్చి, చెమ్మ దొరక్క కొస ఎండిపోయి ఆగిపోతుంది, నెలల తరబడి మొక్క అలాగే ఉండిపోతుంది. కాబట్టి మొదలు ఒక సెంటీమీటరు లోపలికి వెళ్ళేలా పెట్టి, చుట్టూ మిక్స్ పోసి, కుండీని బల్ల మీద తట్టండి. వేలితో గట్టిగా కూరొద్దు. మొక్క ఊగుతుంటే పుల్ల గుచ్చి మెత్తటి నూలుతో కట్టండి, కదిలే మొక్కకి వేరు పట్టదు. నేను మూడేళ్ళపాటు ఎదగని ఒక మొక్కని ఇలా ఒక్క సెంటీమీటరు కిందికి దించాను, ఆ ఏడాదే రెండు పిలకలు వేసింది.

ఏప్రిల్, మే

తెలంగాణలో, రాయలసీమలో పెంచేవాళ్ళకి అసలు పరీక్ష ఇదే. మాడియే రకానికి పగలు ముప్ఫై దాకా హాయి, ముప్ఫై అయిదు దాటితే ఎదుగుదల ఆపేస్తుంది, నలభైలో వడగాలి తగిలితే ఆకులు తోలులా మెత్తబడతాయి. మార్చి మూడో వారానికల్లా బాల్కనీ నుంచి లోపలికి తెచ్చేయండి, తూర్పు గదిలో కిటికీకి రెండు మూడు అడుగుల దూరంలో పెట్టండి. తర్వాత ఒక పెద్ద మట్టి కుండీ తీసుకుని, అడుగున నాలుగు వేళ్ళ మందం ఇసక పోసి తడపండి. దాని మీద ఒక పెంకు ముక్క పెట్టి, పెంకు మీద మీ ప్లాస్టిక్ కుండీ ఉంచండి, కుండీ అడుగు తడి ఇసకకి తగలకూడదు. చుట్టూ ఉన్న ఖాళీలో కూడా సగం ఎత్తు దాకా ఇసక నింపి తడపొచ్చు, అప్పుడు ప్లాస్టిక్ కుండీ గోడకి పక్కన రంధ్రాలు లేకుండా చూసుకోండి. వేసవిలో కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో ఇదీ అందుకే చల్లబడుతుంది, మట్టి గోడలోంచి తడి ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది, పైగా ఆకుల చుట్టూ గాలిలో తేమ కూడా పెరుగుతుంది. రోజూ ఉదయం సాయంత్రం ఇసక తడపండి. మా గదిలో థర్మామీటరు ముప్ఫై ఆరు చూపించినప్పుడు కుండీ లోపల ముప్ఫై ఒకటి ఉంది.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఈ పద్ధతి అంతగా పనిచేయదు, గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆవిరి తక్కువ. మీకు కావలసింది గాలి. చిన్న టేబుల్ ఫ్యాన్‌ని గోడ వైపు తిప్పి నెమ్మదిగా తిరగనివ్వండి, మొక్క మీదికి నేరుగా కొట్టకూడదు. ఏసీ గది కూడా పర్వాలేదు కానీ ఏసీ గాలి తగిలే చోట వద్దు. వేసవిలో ఎరువు పూర్తిగా ఆపేయండి. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి కష్టం తిరగబడి చలికాలంలో వస్తుంది, హీటరు వల్ల గాలి పొడిబారుతుంది, అక్కడ గులకరాళ్ళ పళ్ళెంలో నీళ్ళు పోసి రాళ్ళ మీద కుండీ పెడితే కొంత ఊరట.

ఎరువు, పురుగులు

ఎరువు విషయంలో తక్కువే మంచిది. ఎరువుల షాపుల్లో దొరికే 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే ఎరువు) లీటరు నీళ్ళకి అర గ్రాము, పదిహేను రోజులకోసారి, జూన్ నుంచి ఫిబ్రవరి దాకా. నెలకోసారి ఉట్టి నీళ్ళు బాగా పోసి ఉప్పులు కడిగేయండి. పేడ, వర్మీకంపోస్టు, బియ్యం కడిగిన నీళ్ళు వేయకండి, అవి బెరడుని తొందరగా కుళ్ళబెడతాయి.

పిండినల్లి ఆకు మొదట్లో దూదిలా కనిపిస్తుంది, సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో తుడిచేసి, వారం తర్వాత మళ్ళీ చూడండి. వేసవిలో ఆకు వెనక సన్నటి బూజు, వెండి రంగు చుక్కలు ఉంటే ఎర్రనల్లి, తడి గుడ్డతో ఆకు రెండు వైపులా తుడవండి. వానాకాలంలో నత్తలు మొగ్గని ఒక్క రాత్రిలో తినేస్తాయి, టార్చి వేసి రాత్రి వెతకండి.

పువ్వు

పాఫ్ అరటి చెట్టు లాంటిది. ఒక్కో పిలక ఒక్కసారే పూస్తుంది, పూసిన పిలక మళ్ళీ పూయదు, దాని పక్కన వచ్చిన పిలక పూస్తుంది. అలాగని పూసిన పిలకని తీసేయకండి, ఏడాది రెండేళ్ళపాటు అది కొత్త పిలకల్ని పోషిస్తుంది, దానంతటది ఎండినప్పుడు తీయొచ్చు.

పిలక పూర్తిగా ఎదిగాక ఆకుల మధ్యలో ఒక చిన్న పచ్చ రెక్క లేస్తుంది. కొత్త ఆకేమో అనిపిస్తుంది, కానీ ఆకు విచ్చుకుంటుంది, ఇది మూసిన జేబులా ఉంటుంది, వెలుతురుకి పెట్టి చూస్తే లోపల ముదురు మొగ్గ నీడలా కనిపిస్తుంది. అక్కడి నుంచి పువ్వు విచ్చుకోవడానికి రెండు మూడు నెలలు. ఈ కాలంలో కుండీని అటూ ఇటూ తిప్పొద్దు, కాడ వెలుతురు వైపు వంకర్లు పోతుంది, చోటు గుర్తుండటానికి నేను కుండీకి కిటికీ వైపు చాక్‌పీసుతో గీత పెడతాను. కాడ లేచాక సన్నటి వెదురు పుల్ల పక్కన గుచ్చి రెండు చోట్ల వదులుగా కట్టండి, పువ్వు బరువుకి తల వాల్చకుండా ఉంటుంది. మొవ్వులో నీళ్ళు పడకూడదన్న నియమం ఇప్పుడు మరీ ముఖ్యం, మొగ్గ రెక్కలోనే కుళ్ళిపోతే ఆ పిలకకి ఇంకో అవకాశం లేదు.

పువ్వు వాడాక కాడని ఆకుల పైకి అంగుళం వదిలి కత్తిరించండి, మిగిలిన ముక్క ఎండిపోయాక లాగితే వచ్చేస్తుంది.

ఎవరికైనా ఇవ్వాలంటే

మొక్క గుబురుగా ఉన్నప్పుడే బాగా పూస్తుంది, కాబట్టి ఆరు పిలకలయ్యేదాకా విడదీయకండి. విడదీసేటప్పుడు ఒక్కో భాగానికి కనీసం మూడు పిలకలు, వాటికి సొంత వేర్లు ఉండాలి. కుండీ మార్చే రోజునే చేత్తో పట్టుకుని అటూ ఇటూ మెల్లగా ఊపితే సహజంగా విడిపోయే చోటు తెలుస్తుంది, విడిపోకపోతే కోయకుండా మళ్ళీ కలిపే నాటేయండి. ఇచ్చేవాళ్ళకి మొక్కతో పాటు లేబుల్ రాసి, రెండో సారికి సరిపడా మిక్స్ సంచిలో పోసి ఇవ్వండి, మొదటి నెల ఎరువు వేయొద్దని, నీళ్ళు అంచు వెంబడే పోయాలని చెప్పండి. మా అత్తయ్యకి కరీంనగర్ పంపినప్పుడు ఆ అగరుబత్తి పుల్ల కూడా కుండీలోనే గుచ్చి పంపించాను.